పప్పు ఉడికిన నీళ్ళు

మొన్న మా మనుమడు హిందూపురంలో కొత్త ఇల్లు కట్టుకొని గృహప్రవేశం పెట్టుకున్నాడు. పొద్దున్నే వంటవాళ్ళు వచ్చి పెరట్లో మూడు పొయ్యిలు పేర్చి, పెద్ద గుండిగ ఎక్కించి, కందిపప్పు పోసి మంట పెట్టారు. ఎనభై ఏడేళ్ళ ముసలిదాన్ని, నన్ను ఎవరు ఏ పని అడుగుతారు? ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి నీడన కూర్చోబెట్టారు. గంటయింది, గంటన్నర అయింది. వంటమేస్త్రీ గరిటెతో కాస్త పప్పు తీసి, రెండు వేళ్ళ నడుమ పెట్టి నొక్కి చూసి, మొహం చిట్లించుకొని, "ఈ బోరు నీళ్ళకు యాడ ఉడుకుతాది సామీ, మంచినీళ్ళు తెప్పీండి" అన్నాడు. మా మనుమడు ఫోను తీశాడు, పది నిమిషాల్లో ఆటోలో క్యాన్లు దిగాయి, గుండిగలో నీళ్ళు వంచేసి క్యాను నీళ్ళు పోశారు. పప్పు ఉడికితే మంచినీళ్ళు, ఉడక్కపోతే చెడ్డనీళ్ళు. లోకం ఇంత మారినా ఈ లెక్క మాత్రం మారలేదు. ఆ మేస్త్రీ రెండు వేళ్ళతో పప్పు నొక్కిన తీరు చూసేసరికి నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. మా అవ్వ అచ్చం అట్లాగే నొక్కేది.

అవ్వ ఊరి పేరు ఇక్కడ రాయను. పెనుకొండకూ ధర్మవరానికీ నడుమ, పాసింజరు బండి దిగి మూడు మైళ్ళు చేలగట్ల వెంట నడిస్తే వస్తుందని మాత్రం చెబుతాను. ఆ ఊళ్ళో ఇప్పటికీ పెళ్ళికెదిగిన పిల్లలున్నారు, ముసలిది పత్రికకెక్కించి సంబంధాలు చెడగొట్టిందన్న మాట నాకెందుకు. అది మా అమ్మ పుట్టినూరు. మా అక్కను మా మేనమామకే ఇచ్చారు కాబట్టి అవ్వే దానికి అత్త, మామే దానికి మొగుడు. పరాయి ఇల్లు కాదు, తెలియని మనుషులు కారు. అంతా బాగానే ఉంది గానీ, ఆ ఊరికి ఒక అపకీర్తి ఉండేది. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు దాన్ని పప్పు ఉడకని ఊరు అనేవాళ్ళు. ఊరికంతా ఒకే దిగుడుబావి, ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు, పొద్దున పొయ్యి మీద పెట్టిన పప్పు మధ్యాహ్నానికి కూడా పలుకుపలుకుగానే ఉంటుంది. ఆ ఊరికి పిల్లనిచ్చేవాళ్ళు భూమి ఎంత అని తరువాత అడిగేవాళ్ళు, మా బిడ్డ రోజుకెన్ని కట్టెలు మొయ్యాల అని ముందు అడిగేవాళ్ళు. మా అక్క పెళ్ళయిన కొత్తలో హిందూపురం వస్తే చాలు, సంగటి కూడా అక్కర లేదు, ఉత్త పప్పే గిన్నెడు తినేది. మేమందరం దాన్ని ఎగతాళి చేసి నవ్వేవాళ్ళం. మా అమ్మ మాత్రం నవ్వేది కాదు, ఇంకో గరిటె వేసి అవతలికి పోయేది.

పప్పు ఉడకనంత మాత్రాన ఎవరూ చావరు. ఆ బావికి ఉన్న అసలు పీడ వేరు. మెట్లు దిగి, మోకాటిలోతు నీళ్ళలో నిలబడి కడవ ముంచుకోవాలి. ఎండాకాలం వచ్చేసరికి ఊళ్ళో ఇంటికొకరికి నారికురుపు లేచేది. నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, ఈ కాలం పిల్లలకు ఆ పేరే తెలియదు, తెలియకపోవడమే మేలు. కాలి మీద బొబ్బ లేచి, పగిలి, అందులోంచి తెల్లటి దారం వంటి పురుగు తల బయట పెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత చొప్పున లాగాలి, తెగిందా, కాలు చీము పట్టి స్తంభంలా వాస్తుంది. మంట చల్లారడానికి మనిషి పోయి ఆ కాలు ఆ బావి నీళ్ళలోనే పెడతాడు, పురుగు తన పిల్లల్ని ఆ నీళ్ళలోనే వదులుతుంది, ఆ నీళ్ళే మళ్ళీ ఊరంతా తాగుతుంది. మా మామకు వరసగా మూడేళ్ళు, సరిగ్గా చెనక్కాయ విత్తే అదునులోనే లేచింది. అదును తప్పిన మెట్టరైతుకు ఇక ఏం మిగులుతుంది చెప్పండి. ఎద్దులు కొట్టంలో ఖాళీగా నెమరు వేస్తుంటే, మామ నులకమంచం మీద పడుకొని తన కాలికి కట్టిన పుల్లను చూస్తూ ఉండేవాడు. నెమ్మదస్తుడు, గట్టిగా మూలగడం కూడా చేతకాదు.

నేను స్కూలుఫైనలు పాసై, మా నాయనతో మూడు నెలలు పోట్లాడి, గ్రామసేవిక ట్రైనింగుకు పోయి వచ్చాను. యాభైల చివరి మాట ఇది, పల్లెల అభివృద్ధికని సర్కారు కొత్తగా బ్లాకులు పెట్టిన రోజులు. పల్లెపల్లెకు తిరిగి ఆడవాళ్ళకు శుభ్రం గురించీ, బిడ్డల పెంపకం గురించీ, పొగ రాని పొయ్యి గురించీ చెప్పడం మా పని. ఇరవై ఒక్కేళ్ళదాన్ని, భుజాన గుడ్డసంచి, కాళ్ళకు చెప్పులు, నోటినిండా మాటలు. పెళ్ళి కావలసిన పిల్ల ఊళ్ళు పట్టుకొని తిరుగుతోందని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు, నేను లెక్క చేయలేదు. దేశం మనది, మనం చెబితే మారుతుంది అని నిజంగా నమ్మిన వయసు అది. నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెత ఉంది కదా, నా నోరు చాలా మంచిదని నాకు మహా గొప్పగా ఉండేది.

ఆ రోజుల్లోనే బెంగళూరు నుంచి నలుగురు ఇంజనీర్లు మా వైపు రావడం మొదలుపెట్టారు. సర్కారు పంపితే వచ్చినవాళ్ళు కారు. ఎక్కడెక్కడో ఫ్యాక్టరీలలో పని చేసుకుంటూ, ఎవరో దాతలను బతిమాలి బండకు బోరు వేసే యంత్రం ఒకటి సంపాదించి, తమ సెలవులన్నీ కూడబెట్టుకొని, జీతం బత్తెం లేకుండా, నీళ్ళు చెడిన పల్లెలలో బోర్లు వేసి చేతిపంపులు బిగించేవాళ్ళు. యంత్రం లారీలో వచ్చేది, వాళ్ళు మూడో తరగతి పెట్టెలో నిలబడి వచ్చేవాళ్ళు. వాళ్ళల్లో పెద్దాయనకు ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. బక్కమనిషి, ఖాకీ నిక్కరు, ఎండకు కమిలిన మెడ. ఆయనది కన్నడం, తెలుగు ఒక్క ముక్క రాదు. మాది హిందూపురం, కన్నడం మాకు అటుగోడా ఇటుగోడా భాష, అందుకని ఆఫీసువాళ్ళు నన్ను ఆయనకు దుబాసీగా తోలారు. మా అవ్వ ఊరిని జాబితాలో చేర్చమని నెల రోజులు ఆయన ప్రాణం తోడింది నేనే.

మంచివాడు. ఈ మాట మొదట్లోనే చెప్పి పెట్టుకోవాలి, ఎందుకంటే తరువాత చెప్పబోయేది విని ఆయనను తిట్టుకునేవాళ్ళు తిట్టుకుంటారు. తిన్న పళ్ళెం తానే కడుక్కునేవాడు. ఊరివాళ్ళు వద్దన్న నీళ్ళను ఊరివాళ్ళ మీద రుద్దకూడదని ఆయన నియమం. చదువుకున్నవాళ్ళం మనకేదో తెలుసని పల్లె మీద పడితే పల్లె మన వెనక నవ్వుకుంటుంది, అందుకని ముందు వాళ్ళ మాట వినాలి అనేవాడు. నీళ్ళు పరీక్ష చేయడానికి ఆయన దగ్గర ఒక కొయ్యపెట్టె, దాన్నిండా చిన్న చిన్న సీసాలు ఉండేవి. ఉప్పు ఎంత, సబ్బు నురగ రానివ్వని గడుసుతనం ఎంత అని వాటిలోనే చూసేవాడు, క్రిములు చూడటానికి ఒక సీసా బెంగళూరుకు పంపేవాడు. అంతకు మించి నీళ్ళలో చూడవలసింది ఇంకేదైనా ఉంటుందని ఆయనకు తెలియదు, ఆయన చేతికి ఆ పెట్టె ఇచ్చినవాళ్ళకూ తెలిసినట్లు లేదు.

మొదటి బోరు ఊరికి ఉత్తరాన వేశారు. మూడో రోజు నీళ్ళు పడ్డాయి, ధారాళంగానే పడ్డాయి. ఆయన సీసాలు చూసి, కాస్త గడుసు నీళ్ళే గానీ తాగడానికి దోషం లేదన్నాడు. అయితే మా వైపు కొత్త నీళ్ళు పడితే పప్పు పెట్టి చూడటం ఆచారం. మూడిళ్ళ నుంచి గుప్పెడు గుప్పెడు కందిపప్పు తెచ్చి, కొత్త కుండలో, ఉప్పు వేయకుండా, ఒకే ఒక మోపు కట్టెలతో ఉడికిస్తారు. మోపు అయిపోగానే ఊళ్ళో పెద్దముత్తయిదువో పెద్దముసలమ్మో పప్పు తీసి వేళ్ళ నడుమ నొక్కాలి. పిండైతే గెలిచినట్లు. ఆ రోజు ఆ పని మా అవ్వది. నొక్కింది. పలుకు పలుకుగానే ఉంది. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళ మొహాలు వాడిపోయాయి. ఇంజనీరాయన నా వైపు చూసి, అవ్వ ఏమంటోంది అని అడిగాడు.

అవ్వ అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "తాగేదానికేం, బాగనే ఉండాయి. పప్పు ఉడకకుంటే ఏమాయ, మాకేమన్నా కొత్తనా? పురుగు లేకుంటే అంతే చాలు. ఈ నీళ్ళే కానీండప్పా" అంది.

నేను చెప్పింది వేరు. ఈ నీళ్ళు ఊరివాళ్ళు ముట్టనంటున్నారు, ఇవే అయితే మళ్ళీ దిగుడుబావికే పోతారట అని కన్నడంలో చెప్పాను.

ఎందుకు చెప్పానని ఎన్నో ఏళ్ళు నన్ను నేను అడుక్కున్నాను. కారణం ఏమంత పెద్దది కాదు. గుంపు వెనకాల మా అక్క నిలబడి ఉంది, ఐదో నెల. కుండలోని పప్పు వైపు చూసి, తల వంచుకుంది. ఇంజనీర్లకు ఇంకా నాలుగు రోజుల సెలవు ఉంది, యంత్రం ఇక్కడే ఉంది, ఒక్క మాట పెంచితే ఇంకో బోరు పడుతుంది, అక్కకు పప్పు ఉడుకుతుంది, దానికేముంది అనుకున్నాను. ఊరికి ఉన్న ఆ అపకీర్తి నా చేతి మీదుగా పోతుందన్న గొప్ప కూడా ఉంది, లేదని ఎందుకు బుకాయించాలి? ఆయన తల ఊపాడు. ఊరు వద్దంటే వద్దే. మొదటి బోరులో రాళ్ళు పోసి, పిల్లల కాళ్ళూ గొర్రెల కాళ్ళూ పడకుండా సిమెంటుతో తన చేతులతో తానే మూసి, యంత్రాన్ని ఊరికి దక్షిణాన గుట్ట పక్కకు తోలించాడు.

అక్కడ బండ గట్టిది. మొదటి బోరుకు రెండింతల లోతు పోయినా నీళ్ళు కనబడలేదు. నలుగురూ వంతులు వేసుకొని తిండి మరిచి పనిచేశారు. చిట్టచివరి రోజు మధ్యాహ్నం పడ్డాయి. మళ్ళీ కొత్త కుండ, మళ్ళీ ఒక మోపు కట్టెలు. మోపు సగం కూడా కాలలేదు, అవ్వ వేళ్ళ నడుమ పప్పు వెన్నలా జారిపోయింది. "పిండైపాయ పాపా, పిండైపాయ!" అని అవ్వ అరిచిన అరుపుకు గొర్రెల మంద బెదిరింది. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఇంజనీరాయన సీసా కూడా మంచినీళ్ళేనంది. నా సీసాలు చెప్పిందీ ఈ ముసలమ్మ వేళ్ళు చెప్పిందీ ఒకటే చూడండని ఆయన తొడ చరుచుకొని, పప్పు పరీక్షను తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ తరువాత ఏ ఊరికి పోయినా సీసాలతోబాటు పప్పు కూడా ఉడికించి చూసేవాడని విన్నాను. ఎన్ని ఊళ్ళో నాకు తెలియదు, తెలుసుకోవడానికి ధైర్యం చాలలేదు.

పంపుకు పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టారు. బోరింగు, బోరింగు అని పిల్లలు దాని చుట్టూ పండగ చేశారు. తొలి కడవ మా అక్కే పట్టింది. ఆ రోజు మా మామ ఇంటి పంచలో ఇంజనీర్లు నలుగురూ నేల మీద కూర్చొని సంగటిలోకి పప్పు తిన్నారు, అవ్వ అడిగి అడిగి వడ్డించింది. మర్నాటి నుంచి నేను ఇల్లిల్లూ తిరిగి ఉపన్యాసాలు ఇచ్చి, దిగుడుబావిని పూడ్పించాను. బావిలో గంగమ్మ ఉండాది, పూడిస్తే కోపం వస్తాదని ఒకరిద్దరు అడ్డం వస్తే వాళ్ళను నలుగురిలో కడిగేశాను. మొదటి రాయి నేనే వేశాను. రెండెండాకాలాలు గడిచేసరికి ఆ ఊళ్ళో నారికురుపు పేరుకు కూడా లేదు. మామ అదునులో విత్తాడు, పంట ఇంటికి తెచ్చుకున్నాడు. మా అక్కకు ఆడపిల్ల పుట్టింది, మొదటి స్నానం ఆ బోరింగు నీళ్ళతోనే. అవ్వ నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని నా రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. బతుకంతటికీ నేను సుఖంగా ఉన్న కాలం ఏదని ఎవరైనా అడిగితే ఆ నాలుగైదేళ్ళే చూపిస్తాను. తెలియనితనానికి ఉన్న సుఖం మరి దేనికీ లేదు.

తరువాత ఇంజనీరాయనకు ఉద్యోగం ఉత్తరదేశానికి మారింది, మిగిలిన ముగ్గురూ సంసారాలలో పడ్డారు, యంత్రం ఏమైందో తెలియదు. ప్రతి కొత్త సంవత్సరానికీ ఆయన ఒక కార్డు రాసేవాడు, అందులో తప్పకుండా ఒక వాక్యం ఉండేది, పప్పవ్వ బాగున్నారా అని. నాకు పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ఉద్యోగం మానలేదు. అక్క కూతురికి ఐదు దాటి ఆరు వచ్చేసరికి నడక తేడాగా కనిపించింది. పరిగెడితే మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి కొట్టుకునేవి. పాలపళ్ళు ఊడి వచ్చిన కొత్తపళ్ళు సుద్దముక్కల్లా తెల్లగా వచ్చి, మీద ఇటుకరంగు చారలు తేలాయి. బొగ్గు నములుతోందని అక్క దాన్ని కొట్టింది. ఊళ్ళో చూస్తే ఇంకా కొందరు పిల్లలు అట్లాగే ఉన్నారు, అందరూ బోరింగు పడినాక పుట్టినవాళ్ళే. గంగమ్మ కోపం అన్నారు. నేను మళ్ళీ వాళ్ళను కడిగేశాను. నా నోరు మంచిది కదా!

ధర్మవరంలో ఒక ముసలి డాక్టరు ఉండేవాడు, అంతకు ముందు చాలాకాలం నెల్లూరు వైపు పనిచేసి వచ్చినాయన. అక్క కూతురిని ఎత్తుకొని ఆయన దగ్గరికి పోయాం. దాన్ని నోరు తెరవమన్నాడు, నాలుగడుగులు నడవమన్నాడు, ఏ నీళ్ళు తాగుతారమ్మా అని అడిగాడు. నేను తల ఎత్తుకొని, బోరు నీళ్ళు డాక్టరుగారూ, మేమే దగ్గరుండి వేయించాం అన్నాను. ఆ గర్వం తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు కాలిపోతుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈ పళ్ళూ ఈ మోకాళ్ళూ నెల్లూరు వైపు పల్లెల్లో చాలా చూశానమ్మా, బండ లోతుల్లోంచి వచ్చే కొన్ని నీళ్ళలో ఫ్లోరైడు అని ఒక విషం ఉంటుంది, రంగు ఉండదు, రుచి ఉండదు, ఎముకలను పట్టుకుంటుంది, మందు లేదు, ఆ నీళ్ళు మానడం ఒక్కటే దారి అన్నాడు. నేను నమ్మలేక, చాలా మంచినీళ్ళండీ, పప్పు వెన్నలా ఉడుకుతుందండీ అన్నాను. ఆయన తల ఊపి, అదేనమ్మా తమాషా, మెత్తటి నీళ్ళలోనే ఇది ఎక్కువ కనబడుతుంది, పప్పు ఉడకని గడుసు నీళ్ళలో సాధారణంగా తక్కువ అన్నాడు. అక్క పక్కనే ఉంది. దానికి ఎంత అర్థమైందో నాకు తెలియదు. నాకు మాత్రం ఊరికి ఉత్తరాన సిమెంటు మూత కళ్ళ ముందు కనబడింది.

మర్నాడే ఊరికి పోయి, బోరింగు దగ్గర నిలబడి, ఈ నీళ్ళు తాగొద్దని చెప్పాను. ఎవరూ కదలలేదు. ఎదురింటి ఆమె కడవ నింపుకుంటూనే, "ఆ పొద్దు తాగమంటివి, ఈ పొద్దు తాగొద్దంటాండావు. పప్పు బాగనే ఉడుకుతాండాది కదమ్మా. నీ నోటికేమన్నా అదుపుండాదా?" అంది. సరే, తాగరు, మరి ఏవి తాగాలి? దిగుడుబావిని పూడ్పించింది నేను. మామ, ఇంకో నలుగురు మగవాళ్ళు గడ్డపారలు తీసుకొని మూడు రోజులు మొదటి బోరును తెరవాలని చూశారు. మూర లోతు వరకు రాళ్ళు పెగిలాయి, ఆ కింద ఇనుములా పట్టుకుంది, గడ్డపార మొన వంగింది. ఆ పని చేసిన చేతులు అంత గట్టివి. కొత్త బోరు కోసం నేను అర్జీ మీద అర్జీ పెట్టాను. ఊరికి ఒకటి ఉన్నది కదా, ఒక్కటీ లేని ఊళ్ళు ఎన్నో కాచుకొని ఉన్నాయి అని పైనుంచి జవాబు వచ్చింది. అది అబద్ధం కాదు, ఆ ఊళ్ళను నేనూ ఎరుగుదును. ఆ పై రెండేళ్ళూ వానలు మొహం చాటేశాయి. వాగు ఎండింది, చెలమ తవ్వితే ఇసుక వచ్చింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, మాకు నుయ్యి కూడా లేకపోయింది.

ఇంజనీరాయనకు ఉత్తరం రాశాను. రెండు నెలలకు వచ్చాడు, ఒక్కడే, జుట్టు సగం నెరిసింది. నేరుగా ఊరికి తీసుకుపోయాను. పిల్లలను ఒకసారి నడవమని చెప్పండి అన్నాడు. కొత్తమనిషి వచ్చి ఆటాడిస్తున్నాడనుకొని వాళ్ళు నవ్వుతూ పరిగెత్తారు. మోకాళ్ళు కొట్టుకుంటూ, పడుతూ, లేస్తూ, మా అక్క కూతురు అందరికంటే వెనక. ఆయన ఇంక చాలు అని చెయ్యి అడ్డం పెట్టాడు. సంచిలోంచి స్పానరు తీసి, బోరింగు పిడికి ఉన్న బోల్టులు విప్పి, ఆ ఇనుపపిడిని ఊడదీసి నేల మీద పెట్టి, గట్టు మీద కూలబడ్డాడు.

ఎండ ఎక్కింది. ఒకరొకరుగా ఆడవాళ్ళు కడవలతో వచ్చి నిలబడ్డారు. ఎవరూ కేకలు వేయలేదు, తిట్టలేదు, తిట్టినా బాగుండేది. మామ కూడా వచ్చాడు, అప్పటికే ఆయనకు మెడా నడుమూ బిగుసుకుపోయి, మనిషిని చూడాలంటే ఒళ్ళంతా తిరగవలసి వచ్చేది. చివరికి అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఇంజనీరాయన పక్కనే గట్టు మీద కూర్చుంది. ఆయన వీపు మీద చెయ్యి వేసింది. "బిగించు నాయనా. కాళ్ళు వంకరబోయేదానికి ఆరేండ్లు పట్టె. నీళ్ళు లేకుంటే మూడు దినాలు గూడ పట్టదు" అంది.

ఆయన నా వైపు చూశాడు. ఈసారి ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు, అవ్వ అన్నది అన్నట్లే కన్నడంలో చెప్పాను. ఆయన లేచి పిడిని ఎత్తి బిగించడం మొదలుపెట్టాడు. నట్టు రెండుసార్లు జారి దుమ్ములో పడింది. రెండుసార్లూ మా అక్కే వంగి తీసి, కొంగుతో తుడిచి, ఆయన చేతిలో పెట్టింది.

స్టేషను దాకా ఆ మూడు మైళ్ళూ ఆయనను సాగనంపాను. బండి కోసం నిలబడ్డప్పుడు నన్నొక మాట అడిగాడు. అమ్మా, ఆ మొదటి నీళ్ళను వాళ్ళు నిజంగానే ముట్టేది లేదన్నారా, అని. దారి పొడుగునా అదే తలుచుకుంటూ వచ్చాడు కాబోలు. ఒక్కమాటతో నేను ఆ పాపం ఆయన నెత్తి నుంచి దించి ఉండవచ్చు, లేదు సార్, అది నేను కల్పించిన మాట అని. నా నోట్లోంచి వచ్చింది, అవును సార్, ముట్టేది లేదనే అన్నారు. ఆయన తల ఊపాడు. అట్లాగైనా నేను పట్టుబట్టి ఉండవలసింది, తప్పు నాదే అని బండెక్కాడు. ఆ సంవత్సరం నుంచి కొత్త సంవత్సరం కార్డు రాలేదు. బతికున్నాడో లేదో తెలియదు. ఉంటే తొంభై ఐదు దాటి ఉంటాయి.

అవ్వ పోయింది, మామ పోయాడు, ఆఖరికి అక్క పోయింది. అక్కకు చెప్పాలని చెప్పాలని నేను ముప్పై ఏళ్ళు నోరు తెరిచి మూసుకున్నాను. చివరి రోజుల్లో కూడా అది నాతో, నువ్వు మా మంచికే చేసినావు లేవే అనేది. అక్క కూతురు ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. అరవై దాటాయి. ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, గోడ పట్టుకొని, ఇంట్లో నాకంటే మెల్లగా నడుస్తుంది.

ఇప్పుడు ఆ ఊళ్ళో నీళ్ళు శుద్ధి చేసే మిషను పెట్టారు, రూపాయి బిళ్ళ వేస్తే బిందె నిండుతుందట. బిళ్ళ లేనివాళ్ళకు బోరింగు ఉండనే ఉంది. బోర్లు మేమెరిగిన లోతులను ఎప్పుడో దాటిపోయాయి. నారికురుపు దేశంలోనే లేకుండా పోయిందని పేపర్లో చదివి, ఒక పూటంతా ఆ పేపరు పట్టుకొని కూర్చున్నాను, ఇంట్లో ఎవరికీ అదేమిటో తెలియదు. సెలవులు పెట్టుకొని మూడో తరగతి పెట్టెలో నిలబడి వచ్చే ఇంజనీర్లు ఇప్పుడు లేరు. ఒకప్పుడు మాకు కీడు చేసినవాళ్ళు కూడా తిరిగి వచ్చి మా పిల్లల నడక చూసి పోయారు. ఈ కాలంలో మంచి చేసినవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూడటం లేదు. మంచి చేయాలని ఎవరైనా ఇంటికి వస్తే ఇప్పటికీ నాకు మొదట భయం వేస్తుంది.

గృహప్రవేశం రోజు క్యాను నీళ్ళతో గుండిగ మళ్ళీ మరిగింది. వంటమేస్త్రీ గరిటెలో పప్పు తెచ్చి, ఊరికే కూర్చున్నారు కదాని, నా పక్కన కూర్చున్న అక్క కూతురి చేతిలో వేశాడు. అది రెండు వేళ్ళ నడుమ నొక్కింది. అవ్వను చూసిన గుర్తు దానికి బాగా ఉంది. ఇటుకరంగు పళ్ళు కనబడేటట్లు నవ్వి, "పిండైపాయ చిన్నమ్మా" అంది.

నేను దాని చెయ్యి పట్టుకున్నాను, చెప్పలేకపోయాను. ఇదంతా దానికి చెప్పవలసింది, మీకు చెబుతున్నాను. బడి పక్క ఊళ్ళో ఉండేది, రెండు మైళ్ళు. ఆ కాళ్ళతో అది రెండో తరగతి దాటలేదు, నేర్చుకున్న నాలుగు అక్షరాలూ మరిచిపోయింది. ఇంటికి పత్రిక వస్తే బొమ్మలు చూసి, జాగ్రత్తగా మడిచి, నా తలగడ పక్కన పెడుతుంది. ఇదీ అట్లాగే మడిచి పెడుతుంది. దానికి చదవను రాదన్న ధైర్యంతోనే ఇంత రాశాను.